సిలువ అనకండి

తపస్సు కాలంలో విశాఖలోని మా జ్ఞానాపురం పిల్లలకు సిలువమార్గం నేర్పేటప్పుడు ఐదో స్థలం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. సీమోను అనే బాటసారి తన దారిన తాను పోతున్నాడు. సైనికులు పట్టుకుని బలవంతంగా యేసు సిలువను అతని భుజానికెత్తారు. ఆ సైనికులు మంచిపని చేశారని ఏ సువార్తలోనూ లేదు.

మా పేటలో బట్టలు ఆరేసే ముందు తీగను తడిగుడ్డతో తుడవాలి. ఒక్క తుడుపుకే గుడ్డ నల్లబడుతుంది. ఆరిన దుప్పటి దులిపితే రాలేదీ ఓడరేవు బొగ్గు గుట్టల నుంచి ఎగిరొచ్చిన పొడే. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలాంటి నేల. చలికాలంలో గాలి కదలక ధూళి ఇక్కడే నిలిచిపోతుంది. 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విశాఖను తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేర్చింది. పక్కింటి మామ్మ మాత్రం దగ్గు తెర తగ్గగానే, "ఏటి సేస్తాం టీచరమ్మా, దేవుడిచ్చిన సిలువ" అంటుంది.

మామ్మా, ప్రభువు సిలువను తనంతట తానే ఎత్తుకున్నాడు. ఒకరి లాభం కోసం ఇంకొకరి ఊపిరితిత్తుల్లోకి దిగేదాన్ని ఆయన ఖాతాలో వేయడం దైవదూషణేనని నా నమ్మకం. తన దగ్గరికొచ్చిన రోగులను ఆయన ఓర్చుకోమనలేదు, బాగుచేసి పంపాడు.

అలా ఓర్చుకోనివాళ్లూ ఉన్నారు. 1982లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, వారెన్ కౌంటీలో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండేచోట విషం కలిసిన మట్టిని పాతిపెట్టబోయారు. ఊరివాళ్లు, చర్చిలవాళ్లు లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. అయిదు వందల మందికి పైగా అరెస్టయ్యారు. మట్టిని అక్కడే పాతారు. కానీ పర్యావరణ న్యాయం కోసం ఉద్యమం రాజుకున్నది ఆ రోడ్డు మీదే. వాళ్లూ మనం చదివే బైబిలే చదివారు.

ఉక్కుకీ కరెంటుకీ బొగ్గు కావాలి, కాదనను. అయితే పశ్చాత్తాపానికి సువార్తలో సుంకరి జక్కయ్య ఒక లెక్క చెప్పాడు: అన్యాయంగా తీసుకుంది నాలుగింతలు తిరిగిచ్చేయాలి. ఈ ధూళికి బదులుగా మా వీధుల్లో నాటే వేప, కానుగ ఆ బాకీలో జమ. వాటిని దానమని చెప్పొద్దు. ఆకు కొంత ధూళిని పట్టుకుంటుంది. బొగ్గు గుట్టల మీద కప్పు లేకపోతే ఆకే మసిబారుతుంది. పర్యావరణ దినమని జూన్ 5న ఫొటో కోసం నాటిన మొక్కకు మర్నాడు నీళ్లు పోసేవాళ్లుండరు.

బొగ్గు గుట్టలు పోసేవాళ్లారా, ముందు వాటి మీద కప్పు వేయండి. నాటిన ప్రతి మొక్కకూ మూడు వేసవులు నీళ్లు పోసే పూచీ తీసుకోండి. గుంతలు తవ్వడానికి మా విచారణలోని చర్చివాళ్లమంతా పారలు పట్టుకుని వస్తాం.