పుట్టుక అడిగే ఉద్యోగం

ఇంగ్లీషు నేర్పాలంటే ఇంగ్లీషు రావాలా? ఇంగ్లీషోళ్ళ కడుపున పుట్టాలా?

దక్షిణ కొరియాలో భాష నేర్పేవాళ్ళకిచ్చే ఈ-2 వీసాకి ఇంగ్లీషు వరకు ఏడు దేశాలవాళ్ళే అసలు హక్కుదారులు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. వాళ్ళు ఏ సబ్జెక్టులో డిగ్రీ చేసినా చాలు. 2010 జనవరిలో అమల్లోకొచ్చిన భారత్-కొరియా ఒప్పందం మనకీ ఓ సందు తెరిచింది. అయితే మనం డిగ్రీతోపాటు ఇంగ్లీషు టీచర్ అర్హత కూడా చూపాలి. పుట్టినోడికి పుట్టుకే సర్టిఫికెట్. నేర్చుకున్నోడు రుజువులు మోసుకు తిరగాలి.

మాదిగపల్లెలో పుట్టినోడికి ఈ లెక్క కొత్తగాదు. వీసా దేశాన్ని అడుగుతుంది, కులాన్ని అడగదు. రెండూ ఒకటేనని నేననను. కానీ నేర్చుకున్నదానికంటే పుట్టుకతో వచ్చిందే గొప్పదనే నమ్మకం రెండిట్లోనూ ఉంది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మిరపకోతల కూలిడబ్బుల్తో మా అమ్మ చదివించింది. ఇవాళ సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్తున్నా. పిల్లోడు 'ఈట్'కి 'ఈటెడ్' అని రాస్తే, వాడు రూలు పట్టుకునే నడిచాడనీ, అది మొద్దుతనం కాదనీ నాకు తెలుసు. నేనూ అక్కడే తడబడి లేచినోణ్ణి. తల్లి ఒళ్ళో ఆ భాష వచ్చినవాళ్ళు మంచి టీచర్లు కారని కాదు. కానీ పిల్లోడు నడిచే దారి నేను నడిచిన దారే. అది అర్హత కాదా?

"మీరూ పోతే మీ పల్లె పిల్లలకి ఎవరు చెప్తారు మాస్టారూ?" అంటారు తోటి టీచర్లు. అడిగేవాళ్ళ కొడుకులు డాలస్‌లో ఉన్నారు. వాళ్ళని ఊరి బాకీ ఎవరూ అడగలేదు. నాకు బాకీ లేదనను. కానీ దాన్ని అడిగే హక్కు మా పల్లెకుంది, వీళ్ళకి లేదు.

1913లో అంబేద్కర్ బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ మీద కొలంబియా యూనివర్సిటీకి పోయాడు. చదువయ్యాక పదేళ్ళు కొలువు చేస్తానని ఒప్పుకుని పోయాడు. 1917లో మాట ప్రకారం బరోడా వస్తే ఉండటానికి చోటే దొరకలేదు. పార్సీ సత్రంలో ఉంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. ఈ సంగతి ఆయన రాసుకున్న స్వానుభవాల పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. పోవడం ద్రోహమా అని మనల్ని అడిగేముందు, తిరిగొచ్చినోణ్ణి ఊరు ఏం చేసిందో చెప్పాలి.

మా అమ్మ మాత్రం ఒకటే అడిగింది. "అక్కడ కూడా ఏమిట్లోళ్ళు అని అడుగుతారా నాయనా?"

"ఏ దేశపోడివని అడుగుతారమ్మా."

"పాఠం ఎట్టా చెప్తావో అడగరా?"

దరఖాస్తు పెడతాను. ముందు పాఠం చెప్పించి చూడండని రాస్తాను. పుట్టుక చూసి కాదంటే, అది నా ఇంగ్లీషు మీద తీర్పు కాదు. చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీకూ ఆ మాట ఎదురవుతుంది. అప్పుడు మీ చదువుని అనుమానించుకోకండి. ఆ రూలుని అనుమానించండి.