బోర్డు చేసే ప్రార్థన ఎవరిది?

అమెరికాలో 13,000కు పైగా స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి. వాటిలో చాలావాటిని నడిపేది స్థానిక ఓటర్లు ఎన్నుకున్న బోర్డులు. సాధారణంగా అయిదుగురో ఏడుగురో సభ్యులుంటారు. బడ్జెట్‌ను ఆమోదించడం, సూపరింటెండెంటును నియమించడం, ఏ పేట పిల్లలు ఏ బడికి వెళ్లాలో హద్దులు గీయడం, పాఠ్యపుస్తకాలను ఖాయం చేయడం, పెద్ద తప్పు చేసిన విద్యార్థిని బడినుంచి తీసేయాలా వద్దా అని తేల్చడం వంటివన్నీ వాళ్ల చేతిలో ఉంటాయి. సమావేశం మొదలుకాగానే హాజరు తీసుకుంటారు, జెండాకు వందనం చేస్తారు. కొన్ని ఊళ్లలో దానితోపాటు ఎవరో ఒకరు లేచి దేవుణ్ణి ప్రార్థిస్తారు. ఆ ఒకటి రెండు నిమిషాల ప్రార్థన మీద పాతికేళ్లకు పైగా కోర్టుల్లో పోరు నడుస్తోంది. చాలామంది దాన్ని ఆస్తికులకూ నాస్తికులకూ మధ్య తగాదాగా చూస్తారు. నాకు అలా కనిపించదు. అధికారంలో ఉన్న సంస్థ, తన ఎదుట అర్జీలతో కూర్చున్నవాళ్లను కలుపుకుని దేవుణ్ణి పిలిస్తే అది ప్రార్థన అవుతుందా అన్నదే ఇందులోని అసలు ప్రశ్న. కాదని, దానివల్ల అందరికన్నా ముందు నష్టపోయేది భక్తేనని నా వాదన.

చట్టంలోని చిక్కు ఎక్కడుందో ముందు చూద్దాం. న్యూయార్క్ రాష్ట్రంలో విద్యను పర్యవేక్షించే రీజెంట్ల బోర్డు 22 మాటల ప్రార్థన ఒకటి తయారుచేసి బడుల్లో చదివిస్తే మంచిదంది. న్యూ హైడ్ పార్క్‌లోని స్కూల్ బోర్డు దాన్ని అమల్లో పెట్టింది. 1962లో ఎంగెల్ వర్సెస్ విటాలే కేసులో సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. ప్రార్థనలు రాసిపెట్టడం ప్రభుత్వం పని కాదని తేల్చింది. అయితే 1983లో అదే కోర్టు నెబ్రాస్కా శాసనసభలో జరిగే ప్రార్థనను సమర్థించింది. 1789 నాటి మొదటి కాంగ్రెస్సే జీతమిచ్చి మతాచార్యుణ్ణి పెట్టుకుంది కాబట్టి అది దేశం పుట్టుకతో వచ్చిన ఆచారమంది. 2014లో న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రీస్ పట్టణ బోర్డు ప్రార్థన కూడా 5-4 తేడాతో అదే నీడన నిలిచింది. మరి స్కూల్ బోర్డును బడితో జమకట్టాలా, శాసనసభతోనా? 1999లో క్లీవ్‌లాండ్ బోర్డు, 2011లో డెలవేర్ రాష్ట్రపు ఇండియన్ రివర్, 2018లో కాలిఫోర్నియాలోని చీనో వ్యాలీ కేసుల్లో అప్పీలు కోర్టులు ఈ ప్రార్థనను ఒప్పుకోలేదు. 2017లో టెక్సస్‌లోని బర్డ్‌విల్ కేసులో మరో అప్పీలు కోర్టు ఒప్పుకుంది. ఒకే రాజ్యాంగం కింద, కాలిఫోర్నియాలో కూడనిది టెక్సస్‌లో కుదురుతోంది. న్యాయస్థానాలే చెరో దారి పట్టినప్పుడు ధర్మం ఏమిటో పౌరుడు తనంతట తాను ఆలోచించుకోక తప్పదు.

మన పూజల్లో సంకల్పం చెప్పుకోకుండా కర్మ మొదలుకాదు. చేసేవాడి పేరు, గోత్రం, ఉన్న చోటు, నడుస్తున్న కాలం, ఏ ఫలం కోరి చేస్తున్నాడో అదీ పలకాలి. కర్త లేని కర్మ లేదన్న పట్టుదల దాని వెనక ఉంది. ఈ కొలత పెట్టి స్కూల్ బోర్డును చూడండి. అది చట్టం పుట్టించిన సంస్థ. దానికి ఆస్తులుంటాయి, అప్పులుంటాయి, దావా వేసే హక్కూ ఉంటుంది. పాపభయం, మోక్షకాంక్ష మాత్రం ఉండవు. అలాంటి చోట ‘మేమంతా’ అని ప్రార్థన మొదలైతే ఆ మేము ఎవరు? సభ్యులే అయితే, సభకు ముందు పక్కగదిలో చేసుకోవచ్చు. హాజరైనవాళ్లందరూ అయితే, వాళ్లను అడిగిందెవరు? డిస్ట్రిక్టు ప్రజలందరూ అంటారా, వాళ్లలో యూదులు, ముస్లింలు, సిక్కులు, హిందువులు, ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్లు ఉంటారు. తమ తరఫున మొక్కమని వాళ్లెవరూ బోర్డుకు వకాల్తా ఇవ్వలేదు. చీనో వ్యాలీలో సభ్యులు సమావేశం మధ్యలో బైబిలు వాక్యాలు చదవడం, క్రీస్తును ఎరగనివాళ్లు వెళ్లి ఆయన్ను వెతుక్కోవాలని ఒకరు సభనుద్దేశించి చెప్పడం కోర్టు రికార్డుకెక్కాయి. ఆ సభ్యుడి విశ్వాసాన్ని శంకించాల్సిన పనిలేదు. కానీ ఓటర్లు ఆయనకు కుర్చీ ఇచ్చింది ఆ మాట చెప్పడానికి కాదు. మనిషిగా చెబితే సాక్ష్యమయ్యే మాటే కుర్చీలోంచి వస్తే ఉత్తర్వులా వినిపిస్తుంది.

ప్రార్థనకు ప్రాణం స్వేచ్ఛ అన్నది నాస్తికులు కనిపెట్టిన సూత్రం కాదు. మసాచుసెట్స్‌నుంచి వెలివేయించుకుని 1636లో ప్రావిడెన్స్‌ను స్థాపించిన రోజర్ విలియమ్స్ గాఢమైన క్రైస్తవ భక్తుడు. బలవంతపు ఆరాధన దేవుడికే రోత అని ఆయన వాదించాడు. రాజ్యానికీ చర్చికీ మధ్య గోడ ఉండాలని ఆయన కోరింది చర్చి శుద్ధిని కాపాడటానికి. జెఫర్సన్ ఆ గోడ మాట ఎత్తింది 1802లో, విలియమ్స్ తర్వాత ఒకటిన్నర శతాబ్దానికి. అదే ప్రావిడెన్స్‌లో ఒక ప్రభుత్వ బడి స్నాతకోత్సవంలో యూదు మతాచార్యుడు చేసిన ప్రార్థన గురించి 1992లో సుప్రీం కోర్టు 5-4 తేడాతో ఇచ్చిన తీర్పు, బడి నడిపేవాళ్లు పిల్లల్ని ప్రార్థనలో కలవాలా, వేరుగా నిలవాలా అన్న ఇరకాటంలో పెట్టకూడదంది. మత్తయి సువార్తలో యేసు కూడా నలుగురూ చూడాలని వీధి మూలల్లో నిలబడి చేసే ప్రార్థనను తప్పుపట్టి, తలుపు వేసుకుని చేసుకోమన్నాడు. మన వేమన వెక్కిరించిందీ లోపల పట్టులేని పైపై ఆచారాన్నే. ఇంత దూరం దూరంగా ఉన్న సంప్రదాయాలు ఒకే మాట చెబుతుంటే బోర్డులు చెవిన పెట్టాలి.

దీనికి మొదటి అభ్యంతరం ఇలా ఉంటుంది: తరగతిగదిలో ఉండేది పసిపిల్లలు, బోర్డు సమావేశానికి వచ్చేది పెద్దవాళ్లు; ఇష్టం లేకపోతే కాసేపు బయటికి వెళ్లి రావచ్చు, లేదా ఊరుకుని కూర్చోవచ్చు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ సమావేశానికి ఎవరు ఎందుకు వస్తారో చూడండి. వికలాంగుడైన కొడుక్కి సహాయకుణ్ణి ఇమ్మని అడగడానికి ఓ తల్లి వస్తుంది. తమ పేటలోని బడి మూసేయొద్దని కొందరు వస్తారు. ఒక్కొక్కరికి దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ నిమిషాలకు ముందు అందరూ లేచి తల వంచినప్పుడు తానొక్కతే కూర్చుంటే, కాసేపట్లో తన అర్జీ మీద చెయ్యెత్తాల్సిన వాళ్ల కళ్లముందే ఆమె వేరుపడిపోతుంది. ఆమె లేచి నిలబడితే దాన్ని భక్తి అనలేం. అది అవసరం. గ్రీస్ కేసులో భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ ఎలీనా కేగన్ ఎత్తిచూపింది ఇలాంటి ఇరకాటాన్నే. పైగా పిల్లలు అక్కడికి రారన్నదీ నిజం కాదు. చీనో వ్యాలీ బోర్డులో విద్యార్థి ప్రతినిధికీ చోటుంది. బహుమతులు అందుకోవడానికి, పాటలు పాడటానికి, తమ గోడు చెప్పుకోవడానికి పిల్లలు వస్తూనే ఉంటారు.

రెండో అభ్యంతరం సంప్రదాయం పేరుతో వస్తుంది. అమెరికన్ బడి బైబిలు చదవడానికే పుట్టింది కదా అంటారు. అబద్ధమేమీ కాదు. 1647లోనే మసాచుసెట్స్ 50 కుటుంబాలున్న ప్రతి ఊరూ పంతుల్ని పెట్టుకోవాలని చట్టం చేసింది; జనం బైబిలు చదవలేకపోతే సైతాను నెగ్గుతాడన్నది అందులోని భయం. కానీ సంప్రదాయం అంటే మొదటి పేజీ ఒక్కటే చదివి పుస్తకం మూసేయడం కాదు. 1843లో ఫిలడెల్ఫియా బడుల బోర్డు కాథలిక్ పిల్లలు తమ బైబిలు తాము చదువుకోవచ్చని అనుమతించింది. మరుసటి ఏడాది ఆ గొడవ ముదిరి ఆ ఊళ్లో అల్లర్లు రేగి ప్రాణాలు పోయాయి, సెయింట్ మైకేల్, సెయింట్ ఆగస్టీన్ చర్చిలు తగలబడ్డాయి. తలపడిన ప్రొటెస్టెంట్లూ కాథలిక్కులూ ఇద్దరూ క్రైస్తవులే, నమ్మిందీ ఒకే దేవుణ్ణి. అనుభవం నేర్పిన పాఠంతో 1869లో సిన్సినాటి బోర్డు బడుల్లో బైబిలు పఠనం ఆపాలని తీర్మానించింది. కింది కోర్టులో బోర్డు ఓడిపోయింది. అక్కడ ఒంటరిగా బోర్డు వైపు నిలబడిన జడ్జి ఆల్ఫాన్సో టాఫ్ట్, తర్వాత అధ్యక్షుడైన విలియం టాఫ్ట్ తండ్రి. 1872లో ఒహాయో సుప్రీం కోర్టు బోర్డు తీర్మానాన్నే నిలబెట్టింది. నిజమైన మతానికి రాజ్యం ఊతకర్ర అక్కర్లేదన్న ధోరణిలో తీర్పు చెప్పింది. బోర్డు తన అధికారాన్ని తానే తగ్గించుకుని మతాన్ని గౌరవించడం కూడా అమెరికన్ సంప్రదాయమే.

అలాగైతే అన్ని మతాలకూ వంతులు వేద్దాం అన్నది మూడో వాదన. మన తెలుగువాళ్లను ఎక్కువగా ఆకట్టుకునేదీ ఇదే. డాలస్ ఉత్తర శివార్లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. బోర్డు సమావేశంలో ఒకరోజు వేదమంత్రం వినిపిస్తే మనసు పొంగడం సహజం. 2000 సెప్టెంబరులో ఒహాయోలోని పార్మా శివవిష్ణు ఆలయ అర్చకుడు వెంకటాచలపతి సముద్రాల అమెరికా ప్రతినిధుల సభలో మొదటి హిందూ ప్రార్థన చేశారు. 2007 జులైలో సెనేట్‌లో హిందూ మతాచార్యుడు రాజన్ జెడ్ ప్రార్థన మొదలుపెట్టగానే గ్యాలరీలోంచి కేకలు వేసినవాళ్లను బయటికి పంపాల్సివచ్చింది. కేకలేసిన వాళ్ల మీద కోపం తెచ్చుకోవడం తేలిక. వంతుల పద్ధతిలోని లోపం వాళ్లతో మొదలైంది కాదు. ఏది మతమో, ఏది కాదో, ఎవరు అసలైన ప్రతినిధో ముందుగా బోర్డే తేల్చాలి. సిమెంటు ధరలూ బస్సు రూట్లూ చూడటానికి ఎన్నికైన మనుషులు మతాల జాబితా దిద్దుతూ కూర్చుంటారు. పాతిక చర్చిలున్న ఊళ్లో గుడికి వచ్చే వంతు ఇరవయ్యారు సభలకోసారి. ఇక ఆ వంతు వచ్చిన రోజున, ఇన్నాళ్లూ మనం పడిన ఇబ్బందే పక్క కుర్చీలోని బాప్టిస్టు తల్లికీ ముస్లిం తండ్రికీ పంచుతాం. అన్యాయాన్ని వంతులవారీగా పంచితే న్యాయం కాదు.

ప్రార్థన తీసేస్తే నాస్తికత్వాన్ని ప్రతిష్ఠించినట్టే అన్నది నాలుగో మాట. హాజరుతో మొదలై ఎజెండాలోకి వెళ్లిన సభ దేవుడు లేడని ఎక్కడా ప్రకటించలేదు. సభ్యురాలు ఇంట్లో ప్రార్థించి రావచ్చు, కుర్చీలో కూర్చుని మనసులో తలుచుకోవచ్చు, ఓటు వేసేముందు తన అంతరాత్మను అడగవచ్చు. 2022లో బ్రెమర్టన్ కేసులో ఆట ముగిశాక మైదానంలో మోకరిల్లి ప్రార్థించిన ప్రభుత్వ బడి కోచ్ పక్షాన సుప్రీం కోర్టు నిలబడింది. ఆ తీర్పు ఇలాంటి కేసుల్లో కోర్టులు వాడుతూ వచ్చిన పాత పరీక్షను పక్కనపెట్టి చరిత్రనూ సంప్రదాయాన్నీ చూడమంది కాబట్టి చీనో వ్యాలీ వంటి తీర్పులను రేపు మళ్లీ తిరగదోడవచ్చు. అయినా ఆ కేసులో కోర్టు రక్షించానన్నది వ్యక్తి ప్రార్థనను. సంస్థ ప్రార్థన సంగతి వేరు. వ్యక్తికి ఎంత స్వేచ్ఛ ఇస్తే, సంస్థ అంత తగ్గి ఉండాలి.

వీటన్నిటికన్నా బలమైన వాదన ఒకటుంది. పిల్లల భవిష్యత్తును తేల్చేవాళ్లకు అణకువ కావాలి, తమకన్నా పెద్దదొకటి ఉందన్న స్పృహ కావాలి. ప్రార్థన దాన్ని గుర్తుచేస్తుంది అంటారు. అణకువ కావాలన్న మాట అక్షరాలా నిజం. అయితే అధికారి అణకువ కనిపించాల్సింది పని జరిగే తీరులో. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ చట్టం సాధారణ సమావేశానికి కనీసం 72 గంటల ముందు ఎజెండాను అందరికీ కనిపించేలా పెట్టాలంటుంది. కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఎజెండాలో లేని విషయం మీద నిర్ణయం తీసుకోకూడదంటుంది. సిబ్బంది వ్యవహారాలు, కోర్టు కేసులు, విద్యార్థి క్రమశిక్షణ వంటివాటికే తలుపులు మూసుకోవచ్చు. నిర్ణయానికి ముందే జనం మాట వినాలి. ఇవి పొడిపొడి నిబంధనల్లా కనిపిస్తాయి. కానీ ఒక్కొక్కటీ ఒక నైతిక నియమం. ముందుగా చెప్పడం ఎదుటివాడి కాలానికి ఇచ్చే గౌరవం. విన్నాకే తేల్చడం నాకు అన్నీ తెలియవన్న ఒప్పుకోలు. బాహాటంగా ఓటు వేయడం తన పనికి తాను జవాబుదారీ కావడం. బంధువుకు కాంట్రాక్టు దక్కే విషయం వచ్చినప్పుడు కుర్చీలోంచి లేచి వెళ్లడం ఆశను జయించడం. అందంగా ప్రార్థించి, ముందే ఫోన్లలో నిర్ణయం చేసుకుని, జనం మాట్లాడుతుంటే గడియారం చూసే బోర్డు భక్తి దేనికి? దేవుడి పేరెత్తకుండా ఇవన్నీ నిష్ఠగా పాటించే బోర్డు ధర్మకార్యమే చేస్తోంది.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అని పక్కకు తప్పుకునే వీలు మనకూ లేదు. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదని మన రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. గుర్తింపు పొందిన బడుల్లో కూడా పిల్లల్ని సంరక్షకుల సమ్మతి లేకుండా ఆరాధనలో పాల్గొనమనకూడదంటుంది. కేంద్రీయ విద్యాలయాల్లో సంస్కృత ప్రార్థన మీద వచ్చిన కేసును 2019 జనవరిలో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం మన ఊరి బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. అక్కడా ఒక తల్లి అర్జీతో వస్తుంది. ఆమె దేవుడు కమిటీ పెద్దల దేవుడు కాకపోవచ్చు. టెక్సస్‌లో మనవాళ్లు కోరుకునే న్యాయమే గుంటూరులోనూ కరీంనగర్‌లోనూ ఆమెకు దక్కాలి. కాబట్టి అమెరికాలోని తెలుగు తల్లిదండ్రులకు నేను చెప్పదలచింది ఒక్కటే: స్కూల్ బోర్డులో ప్రార్థన వంతు అడక్కండి. ఎజెండా ముందుగా చూపించమని, ఓటుకు ముందే మీ మాట వినమని, తీసుకున్న నిర్ణయానికి కారణం చెప్పమని అడగండి. ఆ మూడూ దక్కిన చోట ఎవరి దేవుడికీ లోటుండదు.