కొండమీది కిటికీలు

మా వదినగారు కూతురి దగ్గరికని ఇటలీ వెళ్ళి, మూడు నెలలుండి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఫోటోల ప్రదర్శనే! ఒరిగిపోయిన గోపురం, వీధుల్లో పడవలు నడిచే ఊరు, పోపుగారి గుడి... అన్నీ చూశాం. ఒక్క ఫోటో దగ్గర మాత్రం నా చెయ్యి ఆగిపోయింది. ఎత్తయిన కొండ. దాని నెత్తిన తెల్లటి పెద్ద కట్టడం. బారులు తీరిన కిటికీలు.

"ఇదేమిటి వదినా, కోటా?" అన్నాను.

"కోట కాదు, మఠం. మాంటే కసీనో అంటారు. పదిహేను వందల యేళ్ళనాటిది" అని, ఒక క్షణం ఆగి, "కానీ నువ్వు చూస్తున్న ఈ గోడలు మాత్రం మా అమ్మ పెళ్ళినాటికి లేవు" అన్నారు.

ఆ మాట నన్ను పట్టుకుంది. పుస్తకాలు తెప్పించుకుని చదివాను. చదివినకొద్దీ నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను.

రోముకీ నేపుల్స్‌కీ మధ్య ఉన్న ఆ కొండమీద, క్రీ.శ. 529 ప్రాంతంలో బెనెడిక్టు అనే సన్యాసి ఈ మఠం స్థాపించాడు. ప్రార్థన చేసుకో, ఒళ్ళు వంచి పనిచెయ్యి, గుమ్మంలోకి వచ్చిన అతిథిని దేవుడిలా ఆదరించు... ఇవీ ఆయన తన వాళ్ళకి పెట్టిన నియమాలు. మనం 'అతిథి దేవోభవ' అనుకుంటామే, అదే మాట. ఆయనకి స్కొలాస్టికా అని ఒక చెల్లెలు. కవలలని చెబుతారు. ఆవిడా సన్యాసినే. అన్నాచెల్లెళ్ళిద్దరినీ ఒకే సమాధిలో ఉంచారట.

ఆ మఠం పడిన కష్టాలు ఇన్నీ అన్నీ కావు. ఆరో శతాబ్దంలో లొంబార్డులు కూలగొట్టారు. 883లో సారసెన్లు తగలబెట్టారు. 1349లో భూకంపం నేలమట్టం చేసింది. ప్రతిసారీ మళ్ళీ కట్టుకున్నారు. 'నరికితే చిగురిస్తుంది' అన్నది ఆ మఠం నినాదం. మా పెరట్లో మునగచెట్టు గుర్తొచ్చింది నాకు.

నాలుగోసారి కూలగొట్టినవాళ్ళు అనాగరికులూ కారు, ప్రకృతీ కాదు. చదువుకున్నవాళ్ళు. ధర్మం తమవైపు ఉందని నమ్మినవాళ్ళు. ఆ మాటకొస్తే, చాలావరకు ధర్మం వాళ్ళవైపే ఉంది కూడా!

1944 జనవరి. హిట్లరు సేనలు ఇటలీలో అడ్డంగా ఒక రక్షణ రేఖ గీసి కూచున్నాయి. రోముకి పోయే దారి సరిగ్గా ఈ కొండ కిందినుంచే. మిత్రరాజ్యాల సైన్యాలు దాడి చేస్తున్నాయి, వెనక్కి పడుతున్నాయి. వాన, బురద, చలి. కింద బురదలో పడుకున్న సిపాయి తల ఎత్తితే కనిపించేది ఒక్కటే: కొండమీది కిటికీలు. ఆ కిటికీల్లోంచి తమనెవరో చూస్తున్నారని, తాము కదిలితే చాలు ఫిరంగి పేలుతోందని వాళ్ళకి గట్టి అనుమానం.

ఫిబ్రవరిలో ఆ కొండ ఎక్కే పని మన నాలుగో భారత డివిజన్ మీద పడింది. రాజపుటానా రైఫిల్స్, గూర్ఖాలు, వాళ్ళకి దారులు వేసే మద్రాసు సాపర్లు. అప్పటి మద్రాసు రాజధాని అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అందులోవే కదా! ఎక్కడి కొండ, ఎక్కడి తల్లులు!

ఆ డివిజన్ సేనాని టకర్‌కి నేపుల్స్‌లో ఒక పాత పుస్తకం దొరికింది. 1879లో అచ్చయినది. మఠం గోడలు నూట యాభై అడుగుల ఎత్తు, అడుగున పదడుగుల మందం అని అందులో ఉంది. అలాంటి కోటలోకి నా మనుషుల్ని వట్టి చేతులతో పంపలేను, ముందు విమానాలతో దాన్ని కొట్టండి అన్నాడాయన. ఆయన పైవాడు ఫ్రేబర్గ్ ఆ మాటే గట్టిగా పట్టుకున్నాడు. అమెరికన్ సేనాని క్లార్క్‌కి ఇష్టం లేదు. చివరికి అందరికీ పైనున్న అలెగ్జాండర్ 'కానివ్వండి' అన్నాడు.

అసలు లోపల శత్రువు ఉన్నాడా? ఇక్కడే వినండి. ఒక సేనాని చిన్న విమానంలో కొండమీదుగా ఎగిరి వెళ్ళి, లోపల రేడియో స్తంభం చూశాను, దండెం మీద జర్మన్ల బట్టలు ఆరేసి ఉన్నాయి అన్నాడు. ఇంకొక సేనాని అదే కొండమీదుగా ఎన్నోసార్లు ఎగిరి, నాకేమీ కనపడలేదు అన్నాడు. అదే మఠం, అవే కిటికీలు. ఎవరి మనసులో ఉన్నది వాళ్ళకి కనపడింది.

లోపల ఉన్నది జర్మన్లు కారు. ఎనభైకి దగ్గరపడ్డ మఠాధిపతి డియామరే, కొద్దిమంది సన్యాసులు, కింది ఊళ్ళనుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన వందలాది ఆడవాళ్ళూ, పిల్లలూ, ముసలివాళ్ళూ. అతిథులు!

ఫిబ్రవరి 14న 'ఖాళీ చేయండి' అని కాగితాలు వేశారు. 15వ తేదీ ఉదయం రెండు వందలకు పైగా విమానాలు వచ్చాయి. సాయంత్రానికి మఠం లేదు. లోపల తలదాచుకున్నవాళ్ళలో రెండు వందల మందికి పైగా పోయారని లెక్క. రెండురోజుల తర్వాత, మిగిలినవాళ్ళని వెంటబెట్టుకుని, ఆ ముసలి మఠాధిపతి చేతిలో చెక్క సిలువతో కొండ దిగి వచ్చాడు.

ఆ తర్వాత జరిగింది అన్నిటికంటే విచిత్రం. మఠం నిలిచి ఉండగా అందులో మాటు వెయ్యని జర్మన్లు, కూలిన రాళ్ళగుట్టల్లోకి వచ్చి కూచున్నారు. తుపాకి పెట్టుకోవడానికి మొండిగోడకంటే మంచి చోటేముంది? మేలు జరగలేదు సరికదా, కొండ మరింత గట్టిపడింది. మన గూర్ఖాలు మార్చిలో ఆ గోడలకి అల్లంత దూరం దాకా ఎక్కి, తొమ్మిది రోజులు ఆకలితో ఆ రాళ్ళని పట్టుకుని వేలాడి, చివరికి దిగివచ్చారు. ఆ రెండు నెలల్లో మన డివిజన్ నష్టపోయినవారు మూడువేల మంది. మే 18న పోలండు సైనికులు ఎక్కేదాకా మఠం చేతికి రానే లేదు.

అంటే, అనుమానించారు, అనుమానంతో కొట్టారు, కొట్టాక అనుమానం నిజమైంది!

'అయితే తప్పెవరిది?' అంటారా? తొందరపడకండి. రాయి గొప్పదా, ప్రాణం గొప్పదా అంటే నేనూ ప్రాణమే అంటాను. నా కొడుకు ఆ కొండకింద బురదలో ఉంటే, పదిహేను వందల యేళ్ళ మఠం కాదు, ఇంకేదైనా సరే, కూల్చండి బాబూ అని ఉండేదాన్ని. ఆ సేనానులకి వేలమంది తల్లులకి జవాబు చెప్పుకోవాల్సిన బరువుంది. కొట్టకుండా పంపితే, రేపు పోయిన ప్రతి ప్రాణానికీ 'ఎందుకు కొట్టలేదు?' అని నిలదీస్తారు. నేను వాళ్ళని క్షమించగలను. కానీ వాళ్ళ ముందున్నది రాయీ ప్రాణమూ కాదు. ఇటు ప్రాణాలు, అటూ ప్రాణాలే. కిటికీల వెనక ఎవరున్నారో తెలియనప్పుడు, అక్కడ మనిషి ఉండొచ్చని కాక శత్రువే ఉండి ఉంటాడని మనసు ఎందుకంత తేలిగ్గా ఒప్పుకుంటుంది? నా ప్రశ్న అది.

ఈ ప్రశ్న ఇటలీ వాళ్ళని అడగడానికి నాకేం హక్కుందో కూడా చెప్పాలి.

చాలా యేళ్ళ కిందట నా ఉంగరం పోయింది. మా అత్తగారు పెట్టింది. అప్పటికి ఆరేళ్ళుగా మా ఇంట్లో పనిచేస్తున్న ఆవిడ ఆ వేళ వంటింట్లోనే గిన్నెలు సర్దుతోంది. నేనేమీ తిట్టలేదు, అరవలేదు. మర్యాదగానే, "ఒకసారి నీ కొంగుముడి విప్పి చూపించు" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. ముడి విప్పింది. రెండు రూపాయల నోటు, ఒక వక్కముక్క. రెండూ గట్టుమీద పెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. ఆ రెండు రూపాయలు కూడా తీసుకోలేదు.

నెల తిరిగి, బియ్యం డబ్బా అడుక్కి వచ్చేసరికి, ఉంగరం చేతికి తగిలింది. బియ్యం కొలిచేటప్పుడు జారిందన్నమాట. పరుగున వాళ్ళ ఇంటికి వెళ్ళాను. "దొరికిందా అమ్మా, మంచిది" అంది. అంతే. మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

తర్వాత వచ్చినావిడ ఎదుట నేను బీరువాకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకునేదాన్ని. అది చూసి ఆవిడ తను తెచ్చుకున్న సద్దిగిన్నె నాకు కనపడకుండా మూల దాచుకోవడం మొదలుపెట్టింది. మా ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదరనే లేదు. అనుమానం పెట్టిన చోట శత్రువు తనంతట తనే వచ్చి కూచుంటాడు. కసీనో రాళ్ళగుట్టల్లోలాగే!

ఆ సేనాని చేతిలో వేల ప్రాణాలున్నాయి. నా చేతిలో ఉన్నదల్లా అరతులం బంగారం. ఆయనకి దొరికే సాకు నాకు దొరకదు.

మఠాన్ని మళ్ళీ ఉన్నచోటే, ఉన్నట్టే కట్టారు. 1964 అక్టోబరులో పోపు ఆరో పాలు వచ్చి దానికి పవిత్రీకరణం చేశారు. అన్నాచెల్లెళ్ళ సమాధి ఆ శిథిలాల కింద చెక్కుచెదరకుండా దొరికిందట. నరికితే చిగురించింది, నిజమే. రాయి చిగురిస్తుంది. లోపల తలదాచుకున్న ఆ తల్లులూ పిల్లలూ చిగురించలేదు. ఆరేళ్ళ నమ్మకమూ చిగురించలేదు.

వదినగారిని అడిగి ఆ ఫోటో తీసుకున్నాను. వంటింటి అలమర తలుపుకి అంటించాను. "దేవుడి పటాలు లేనట్టు ఇదేమిటే" అంటారు మావారు. ఏం చెప్పను? ఇప్పుడు మా ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా, నేను మొట్టమొదట వెతికేది బియ్యం డబ్బానే.