రెండు తూకములు

గోదావరి కావలి యొడ్డున భద్రాచలము; ఈవలి యొడ్డున మా సారపాక. ఇచ్చట నివసించువానికి పుణ్యపురుషుల పేరు మోసిన స్థలములకు కొఱత లేదు. వంతెన దాటి నది వెంబడి పోయినచో పర్ణశాల వచ్చును. వంతెన దాటక మణుగూరు, మంగపేట, ఏటూరునాగారముల మీదుగా అడవిదారిని పోయినచో మేడారము వచ్చును. మొదటిది సీతారాములు వనవాసము చేసిన చోటని ప్రతీతి. రెండవది సమ్మక్క సారలమ్మలు కాకతీయ సైన్యముతో పోరిన చోటని ప్రతీతి. ఈ రెండు చోట్లకును నేను నా విద్యార్థులను తీసికొనిపోయితిని. రెండవ యాత్రలో నేను పొందిన సిగ్గే యీ వ్యాసమునకు కారణము.

పర్ణశాలలో వాగు చెంత రంగుచారలు గల బండలను చూపి, అవి సీతమ్మ ఆరవేసిన నారచీరల గుర్తులని చెప్పుదురు. లక్ష్మణరేఖ కథయు అచ్చట వినవచ్చును. ఆ రేఖ వాల్మీకి రామాయణమున లేదని, సంస్కృతము చదివిన నాకు తెలియును. పంచవటి తమదేయని ఎగువ గోదావరి తీరమందలి నాసికవారును చెప్పుకొందురనియు తెలియును. అయినను ఆనాడు నేనొక్క మాటయు పలుకలేదు. పిల్లలు చేతులు జోడించిరి, నేనును జోడించితిని. నా మౌనమునకు భక్తియని పేరు పెట్టుకొంటిని.

మేడారమునకు మేము పోయినది జాతర లేని దినములలో. రెండేండ్ల కొకమాఱు మాఘమాసమున లక్షలాది జనముతో క్రిక్కిఱియు నా చోట, అప్పుడు ఇసుక నడుమ సన్నగా పాఱు వాగును, చుట్టును అడవియును మాత్రమే యుండెను. కథ యందఱెఱిగినదే. వానలు లేక పంటలు పోయిన కాలమున కోయదొరయగు పగిడిద్దరాజు కప్పము చెల్లింపజాలకపోయెను. కాకతీయులలో కడపటివాడగు ప్రతాపరుద్రుని సైన్యము గూడెములమీదికి వచ్చెను. సమ్మక్క కుమారుడు జంపన్న గాయపడి సంపెంగవాగులో పడగా నీరెఱ్ఱబాఱెను. నాటినుండి యది జంపన్నవాగయ్యెను. సమ్మక్క గాయములతో చిలకలగుట్ట వైపు నడచి అదృశ్యమయ్యెను. వెదకినవారికి కుంకుమభరిణ మాత్రమే దొరకెను.

వాగు గట్టున ఈ కథ ముగింపగనే నాలోని పండితుడు మేల్కొనెను. "వాగు ఎఱ్ఱబాఱుట కవిత్వము. ఈ యుద్ధమునకు శాసనమేది? దీనిని చరిత్రయని వ్రాయకుడు," అని బోధించితిని. పిల్లలు తలలూపిరి. వారిలో నొక కోయబాలుడు గలడు. వాడు నేల చూచుచు, "సారూ, పర్ణశాలలో మీరు శాసనం అడగలేదు గదా?" అనెను.

వాని మాటలో పొగరు లేదు. నిజముగా తెలిసికొనగోరి యడిగినాడు. నాకు సమాధానము తోచలేదు. తిరుగుదారిని బస్సులో నన్ను నేనే ప్రశ్నించుకొంటిని. ఒక చోట నోరు మూసికొని వేఱొక చోట ఆధారము లడుగుటకు హేతువేమి? అచ్చట ఆధారము లెక్కువయని కాదు. ఆ కథ సంస్కృతమున నున్నది, ఈ కథ డోలీల పాటలో నున్నది, అంతియే. చదువుకొన్నవారి కల్పన పురాణ మగును, చదువు లేనివారి జ్ఞాపకము కట్టుకథ యగును అను నమ్మకము నాకు తెలియకయే నాలో పాతుకొని యుండెను. శాసనము చెక్కించుటకు రాయియు, ఉలియు, కాసులును, అధికారమును కావలెను. ఓడిన గూడెము వాని నెచ్చటనుండి తెచ్చును? శాసనము లేకుండుట యుద్ధము జరిగినదనుటకు సాక్ష్యము కాదు; జరుగలేదనుటకును చాలిన సాక్ష్యము కాదు.

అట్లయిన అన్నిటిని నమ్మవలెనా, అన్నిటిని త్రోసిపుచ్చవలెనా యని చదువరు లడుగవచ్చును. రెండును అక్కఱలేదని నా యభిప్రాయము. స్విట్జర్లాండు వారికి విలియం టెల్ అను వీరుడు గలడు. దొరతనము నెదిరించిన వాడని వారతనిని కొలుతురు. ఆ కథ డెన్మార్కునుండి వచ్చిన దని 1760లో ఒక చిన్న పుస్తకము వెలువడగా, టెల్ స్వస్థలమగు ఊరి ప్రాంతమువారు దానిని తగులబెట్టిరి. అగ్ని సందేహమును చంపలేదు; తరువాతి చరిత్రకారులు దానిని మఱింత గట్టిగా వ్రాసిరి. అయినను 1895లో ఆల్ట్‌డార్ఫు పట్టణమున టెల్ విగ్రహమును నిలిపిరి. అది నేటికిని నిలిచి యున్నది. సందేహమును గౌరవమును ఒకే దేశమున కాపురము చేయవచ్చునని దీనివలన తెలియుచున్నది.

కావున ఏ వీరస్థలమునకు పోయినను మూడు ప్రశ్నలను వేఱుగా నుంచుకొనవలెను. ఇది జరిగినదా? జరిగినదని మనకెట్లు తెలియును? జరిగినను జరుగకున్నను ఈ కథ మన నేమి చేయుమని కోరుచున్నది? మొదటి రెండింటికి "తెలియదు" అనుట అవమానము కాదు. మూడవదానికి మాత్రము తప్పించుకొనరాదు. కఱవు నాడు లేనివానివద్ద పన్ను పిండుట యధర్మమని మేడారపు కథ చెప్పుచున్నది. దానికి శాసనముతో పనిలేదు.

ఈ విషయము బడికే పరిమితము కాదు. మన యిండ్లలో మనము చేయునది ఆచారము. పనికి వచ్చు అమ్మాయి చేయునది మూఢనమ్మకము. మన తాతగారి మాట సంప్రదాయము. గూడెపు వృద్ధుని మాట పుక్కిటి పురాణము. సంస్కారమును గోరువారము ముందు చక్కజేసికొనవలసినది నమ్మకములను కాదు, వానిని తూచు త్రాసును. మేడారమున భక్తులు త్రాసులో కూర్చుండి తమ యెత్తు బెల్లమును 'బంగారము' అని సమర్పింతురు. ధనికునికొక త్రాసు, కూలివానికొక త్రాసు అచ్చట లేదు.

మఱునాడు తరగతిలో, వాగు గట్టున నేను చేసినది న్యాయము కాదని పిల్లలముందు ఒప్పుకొంటిని. నల్లబల్లమీద పర్ణశాల, మేడారము అని రెండు పేర్లు వ్రాసి, రెంటిక్రిందను ఆ మూడు ప్రశ్నలే వ్రాసితిని. కోయబాలుడు చేయెత్తి, "జంపన్న నిజంగా ఉన్నాడా, సారూ?" అని యడిగెను. "నాకు తెలియదు, నాయనా. లక్ష్మణుడు గీత గీసినాడా అని అడిగినా నా జవాబు ఇదే," అంటిని. వాడు చిఱునవ్వుతో పుస్తకము తెఱచి వ్రాసికొన మొదలిడెను.