కనిపించని నొప్పికి ప్రమాణమేది?

కొందరు పిల్లల కీళ్లు మామూలు హద్దు దాటి వంగుతాయి. బొటనవేలిని వంచితే ముంజేతికి తాకుతుంది. మోకాళ్లు వంచకుండానే అరచేతులు నేలకు ఆనుతాయి. వైద్యులు దీన్ని హైపర్ మొబిలిటీ అంటారు, 9 పాయింట్ల బైటన్ స్కోరుతో కొలుస్తారు. చాలామందికి దీనివల్ల ఏ బాధా ఉండదు. కొందరికి మాత్రం ఎముకలు వేగంగా ఎదిగే యౌవనారంభంలో నడుము నొప్పి పట్టుకుంటుంది. లిగమెంట్లు వదులుగా ఉన్నచోట కీలును నిలబెట్టే పని ఎక్కువగా కండరాల మీద పడుతుంది. గంటల తరబడి బెంచీ మీద కూర్చుంటే అవి అలసిపోతాయి.

ఎక్స్‌రేలో తరచూ ఏమీ కనిపించదు. రిపోర్టు నార్మల్ అని వచ్చాక, బడి ఎగ్గొట్టడానికి వేసే వేషమని ఇంట్లోవాళ్లకు అనుమానం మొదలవుతుంది. ఒకరి నొప్పి ఉందని మరొకరికి తెలిసే మార్గమేమిటన్నది భారతీయ తత్త్వశాస్త్రంలో పాత ప్రశ్నే.

న్యాయ దర్శనం ప్రకారం దుఃఖం ఆత్మ గుణం. దాన్ని గ్రహించే ఇంద్రియం మనస్సు. తర్కంలో తొలి అడుగు వేసేవారి కోసం తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంలోనూ ఈ మాట ఉంది. ఎవరి నొప్పి వారి మనస్సుకే ప్రత్యక్షం. పక్కవారికి మిగిలేవి అనుమానం (అంటే సందేహం కాదు, గుర్తును బట్టి ఊహించడం), శబ్దం అనే రెండు ప్రమాణాలు, అంటే తెలుసుకునే మార్గాలు.

ఈ పిల్లల విషయంలో అనుమాన ప్రమాణం సులువుగా దారి తప్పుతుంది. నడుము నొప్పి ఉన్నవారు వంగలేరన్నది లోకానుభవం. ఇంత తేలిగ్గా వంగే అమ్మాయికి నొప్పి ఉండదని అక్కణ్నుంచి తేల్చేస్తారు. కానీ నొప్పి ఉన్నా వంగగలగడమే ఈ శరీరాల తీరు. సాధ్యం, అంటే నిరూపించదలచింది, లేనిచోట కూడా కనబడే ఇలాంటి హేతువును నైయాయికులు సవ్యభిచారమన్నారు, హేత్వాభాసాల్లో, అంటే దోషమున్న హేతువుల్లో చేర్చారు.

రిపోర్టును నమ్ముకున్న వాదానికి మీమాంసకుడు కుమారిల భట్టు సంప్రదాయంలో సమాధానం దొరుకుతుంది. ఒక వస్తువు కనిపించకపోవడం దాని అభావాన్ని రుజువు చేయాలంటే, ఉంటే తప్పక కనిపించేదై ఉండాలి. పట్టపగలు గదిలో ఏనుగు కనబడకపోతే లేదనే అర్థం. ఎక్స్‌రే ఎముకల్ని చూపుతుంది. నొప్పి అందులో కనబడే వస్తువే కాదు. కాబట్టి ఆ ఫిల్ము నుంచి నొప్పి లేదని తేల్చడం చెల్లదు.

ఇక మిగిలింది శబ్దం, అంటే ఆప్తవాక్యం. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టు చెప్పేవారు ఆప్తులు. ఈ లక్షణం ఋషికీ మ్లేచ్ఛుడికీ సమానమేనని వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో స్పష్టం చేశాడు. పద్నాలుగేళ్ల పిల్లకు వర్తించకపోవడానికి కారణమేదీ లేదు. తన నొప్పి విషయంలో ఆమెకంటే దగ్గరి సాక్షి ఉండరు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం కూడా 2020లో సవరించిన నిర్వచనానికి జతచేసిన వివరణలో, నొప్పి ఉందని మనిషి చెప్పే మాటను గౌరవించాలని పేర్కొంది.

ఆ పిల్ల ఆప్తురాలు నొప్పికే, దాని కారణానికి కాదు. కారణం తేల్చడం వైద్యుల పని. జ్వరం, బరువు తగ్గడం, నిద్ర లేపే నొప్పి, కాళ్లలో బలహీనత, మూత్రం మీద పట్టు తప్పడం లాంటివి ఉంటే పరీక్షలు ఆలస్యం చేయకూడదు. ఫాస్ట్ బౌలింగ్, జిమ్నాస్టిక్స్ చేసే పిల్లల్లో వెన్నుపూసలో సన్నని పగులు కూడా రావచ్చు. దాన్ని హైపర్ మొబిలిటీ ఖాతాలో వేసి వదిలేయడం పిల్లను నమ్మకపోవడమంత ప్రమాదకరం.

యోగా, నాట్య తరగతుల్లో బాగా వంగే పిల్లనే ముందు నిలబెడతారు, ఇంకా వంగమంటారు. యోగసూత్రాల్లో పతంజలి ఆసనానికి చెప్పిన లక్షణాలు స్థిరత్వం, సుఖం. ఎంత వంగాలన్న కొలత అందులో లేదు. రాబోయే దుఃఖాన్ని తప్పించుకోవాలన్నదీ ఆయన మాటే. ఫిజియోథెరపిస్టులు ఈ పిల్లలకు సూచించేదీ ఆ దారికి దగ్గరగానే ఉంటుంది: కీలును చివరి హద్దు దాకా లాగకుండా, నడుము, పొట్ట, తుంటి కండరాలకు నెమ్మదిగా బలం పెంచడం, మంచానికి అంటుకుపోకుండా రోజూ కదులుతూ ఉండటం.