పట్టుపురుగు ఎక్కడికి పోతుంది?

ఎరిక్ కార్ల్ 1969లో తెచ్చిన 'ది వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్' అనే బొమ్మల పుస్తకంలో ఒక చిన్న పురుగు గుడ్డులోంచి బయటికొస్తుంది. దానికి ఒకటే ఆకలి. సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు బేరిపండ్లు, ఇలా రోజురోజుకూ తిండి పెంచుకుంటూ పోతుంది. తిన్నచోటల్లా పేజీకి నిజంగానే చిల్లు ఉంటుంది. పిల్లలు అందులో వేలు దూర్చి చూస్తారు. చివరకు ఆ పురుగు గూడు కట్టుకుని, రెండు వారాలు దాటాక రంగురంగుల సీతాకోకచిలుకై బయటపడుతుంది.

చిన్నపిల్లల బడుల్లో ఈ పుస్తకం చుట్టూ ఎన్నో ఆటపాటలు అల్లారు. పండ్లు లెక్కపెట్టించడం, వారాల పేర్లు చెప్పించడం, రంగు కాగితాలు కత్తిరించి రెక్కలు అతికించడం. అన్నీ మంచివే. వేళ్ళకు పట్టు వస్తుంది, అంకెలు నోటికి వస్తాయి, కొత్త మాటలు అబ్బుతాయి.

అయితే ఇదే పుస్తకాన్ని కర్ణాటకలోని కోలారు జిల్లా మాలూరు తాలూకా లక్కూరు ప్రాంతంలో తెరిచి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. కోలారు పేరు చెబితే బంగారం, పాలు, పట్టు గుర్తుకొస్తాయి. బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. పాలూ పట్టూ మిగిలాయి. మైసూరు సీమలో టిప్పు సుల్తాన్ కాలంలో వేళ్ళూనుకున్న పట్టు పెంపకం ఈ జిల్లా పల్లెల్లో ఇప్పటికీ ఎన్నో కుటుంబాలకు కూడు పెడుతోంది. అలాంటి ఇంట్లో పెరిగే నాలుగేళ్ళ పిల్లకు పురుగు కొత్తది కాదు. తట్టల్లో వేసిన మల్బరీ ఆకును వేల పురుగులు ఒక్కసారిగా కొరుకుతుంటే వచ్చే చప్పుడు ఆమెకు తెలుసు. పురుగు నాలుగుసార్లు 'జ్వరం' పడి, మేత మాని, పొర విడిచి పెద్దదవడం చూసింది. సుమారు 25 రోజులు మేశాక వాటిని ఏరి, గూళ్ళు కట్టుకునే తట్టలైన చంద్రికల మీద వేయడమూ, అవి దారం తీస్తూ గూళ్ళు అల్లుకోవడమూ చూసింది.

అంటే కార్ల్ కథలో ముప్పాతిక భాగం ఆమె ఇంట్లోనే జరిగింది. తేడా అంతా గూడు తర్వాతే. పుస్తకంలో గూడు విచ్చుకుని రెక్కలొస్తాయి. ఇంట్లో గూళ్ళు సంచుల్లోకెక్కి మార్కెట్టుకు పోతాయి. అలాంటి పిల్ల ఒకటి అడిగే అవకాశం ఉంది: మా పురుగులకు రెక్కలు రావా? అవి ఎక్కడికి పోతాయి?

ఈ ప్రశ్న దగ్గర అంకెలూ రంగులూ పక్కకు తప్పుకుంటాయి. జవాబు చేదుగా ఉంటుంది. గూడులోని పురుగును బతకనిస్తే అది పది పన్నెండు రోజుల్లో గూటిని చీల్చుకుని బయటికొస్తుంది. చీలిన గూటి నుంచి తెగని దారం రాదు. ఒక్కో గూటిలో వెయ్యి మీటర్ల దాకా ఉండే ఆ ఒక్క పోగు కోసమే గూళ్ళకు ముందుగా వేడి తగిలించి లోపలి ప్రాణిని చంపుతారు, తర్వాత వేడినీళ్ళలో వేసి దారం తీస్తారు. ఒక్క చీరకు వేల గూళ్ళు కావాలి. ఆ చీరే పెళ్ళిపీటల మీదికి, అమ్మవారి అలంకారానికి వెళుతుంది. పట్టుబట్ట మడికి శ్రేష్ఠమని పెద్దలు చెబుతారు.

పిల్ల నోట వచ్చే ప్రశ్నను పెద్దలూ అడిగారు, అదీ ధర్మం పేరుతోనే. కంచి పరమాచార్య చంద్రశేఖరేంద్ర సరస్వతి పట్టు కట్టవద్దని తన భక్తులకు చెబుతుండేవారు. 1990 ప్రాంతంలో అప్పటి రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ సతీమణి జానకీ వెంకట్రామన్, పురుగును చంపకుండా నేసిన పట్టుచీర దొరుకుతుందా అని అడిగారు. ఆ మాట ఆంధ్రప్రదేశ్ చేనేత సహకార సంస్థలో పనిచేస్తున్న కుసుమ రాజయ్యను కదిలించింది. పురుగు బయటికి వెళ్ళిపోయాక మిగిలిన చీలిన గూళ్ళను పత్తిలా వడికి నూలు తీసే పద్ధతిని ఆయన సాధించి, 'అహింసా పట్టు' అని పేరు పెట్టారు. అందులో మెరుపు తక్కువ, శ్రమ ఎక్కువ, ధరా ఎక్కువే. ఒక రాష్ట్రపతి భార్యను, ఒక పీఠాధిపతిని, ఒక చేనేత నిపుణుణ్ణి వెంటాడిన ప్రశ్నను అంగన్‌వాడీ చాప మీద కూర్చున్న పిల్ల అడిగితే, దాన్ని పిల్లతనం కింద కొట్టేయడం అన్యాయం.

చిన్నపిల్లలకు తాత్విక ఆలోచన చేతకాదని స్విస్ మనోవైజ్ఞానికుడు జాన్ పియాజే అభిప్రాయం. అమెరికన్ తత్వవేత్త గారెత్ మాథ్యూస్ 1980లో వెలువరించిన 'ఫిలాసఫీ అండ్ ది యంగ్ చైల్డ్'లో దీన్ని గట్టిగా ఎదిరించాడు. పిల్లల మాటలనే సాక్ష్యంగా తెచ్చి, వాటిలో తత్వవేత్తలను తికమకపెట్టిన ప్రశ్నలే ఉన్నాయని చూపించాడు. పిల్లల కథల్లోనూ అదే సరుకు ఉందన్నాడు. ఆర్నాల్డ్ లోబెల్ రాసి బొమ్మలు వేసిన కప్పల కథల్లో ఒకటుంది: బిస్కెట్లు తినడం ఆపలేని ఇద్దరు స్నేహితులు వాటిని డబ్బాలో పెట్టి, తాడు కట్టి, అటక మీదికి ఎక్కిస్తారు. మనసుకు వద్దని తెలిసినా చేయి ఎందుకు ఆగదు? గ్రీకు తత్వవేత్తల కాలం నుంచీ ఉన్న చిక్కుముడి ఇది. థామస్ వార్టెన్‌బర్గ్ అనే మరో ఆచార్యుడు ఇలాంటి బొమ్మల పుస్తకాలతో ప్రాథమిక బడుల్లో తాత్విక చర్చలు నడిపించే పద్ధతినే తయారుచేశాడు.

అసలు పిల్లల చదువుకు బొమ్మల పుస్తకం తెచ్చినవారిలో ముందు చెప్పుకోవలసినవాడు ఒక మతగురువు. మొరేవియాకు చెందిన బిషప్ కొమీనియస్, యుద్ధాల్లో ఇల్లూ దేశమూ పోగొట్టుకుని పరాయిచోట్ల తిరిగినవాడు. ఆయన పుస్తకం 'ఆర్బిస్ పిక్టస్' 1658లో న్యూరెంబర్గ్‌లో అచ్చయింది. అందులో 150 పాఠాలు, ప్రతిదానికీ ఒక బొమ్మ. కళ్ళకు ఆననిది బుద్ధికి చేరదని ఆయన నమ్మకం. అలాంటివాడు ఆత్మను గురించి పాఠం పెట్టాల్సి వచ్చినప్పుడు ఏం చేశాడు? తెర మీద చుక్కలతో మనిషి ఆకారం మాత్రం గీయించాడు. కనబడనిదాన్ని దాటవేయలేదు, తెలిసినట్టు నటించి నిండు బొమ్మా వేయలేదు. ఇంతవరకే చూపగలనని పిల్లల ముందు ఒప్పుకున్న నిజాయితీ ఆ చుక్కల్లో ఉంది. పట్టుగూడు ప్రశ్నకు జవాబు చెప్పే టీచరుకు కావలసిందీ అదే.

ఇక్కడ మరియా మాంటిసోరి అభ్యంతరం ఒకటి అడ్డొస్తుంది. 1939లో అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండిపోయిన ఆమె, ఆరేళ్ళలోపు పిల్లలకు కల్పిత కథలు తగవనేది. ముందు నిజమైన లోకాన్ని చేతులతో తెలుసుకోవాలి, ఊహ దాని మీద పెరగాలి అని ఆమె వాదం. కార్ల్ పుస్తకంలో శాస్త్రం ప్రకారం తప్పు ఉన్న మాటా నిజమే: సీతాకోకచిలుక పట్టుగూడు లాంటి గూటిలోంచి రాదు, పట్టుగూటి నుంచి వచ్చేది తెల్లటి, ఎగరలేని, కొద్దిరోజులే బతికే రెక్కల పురుగు. కానీ ఈ తప్పును పట్టుకోగలిగేది ఎవరు? పట్టుపురుగుల ఇంటి పిల్లే. తన ఇంటినీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి తేడా ఎత్తిచూపే అవకాశం ఆమెకు ఆ కథ వల్లే వచ్చింది. కథనూ నిజాన్నీ ఒకే చాప మీద కూర్చోబెడితే మాంటిసోరి భయపడిన గందరగోళం పుట్టదు, పోల్చి చూసే బుద్ధి పుడుతుంది.

మరి ఎలా జవాబు చెప్పాలి? మన తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి ఇక్కడ పనికొస్తుంది. బ్రహ్మమంటే ఏమిటో చెప్పమని భృగువు తండ్రి వరుణుణ్ణి అడుగుతాడు. ప్రాణులు ఎక్కడ పుడతాయి, దేనివల్ల బతుకుతాయి, చివరకు ఎందులో చేరతాయి అన్నది వెతుకు అంటాడు తండ్రి. కొడుకు తపస్సు చేసి వచ్చి, అన్నం అంటాడు. తండ్రి అది తప్పనడు. మళ్ళీ తపస్సు చేయమంటాడు. తర్వాత ప్రాణం, మనసు, విజ్ఞానం, చివరకు ఆనందం. ఆకలిగొన్న పురుగు కథను విన్న పిల్ల కూడా మొదట తిండి దగ్గరే ఆగుతుంది. ఇంకా వెతకనిస్తే, తిన్నది ఏమైంది, పెరిగింది ఎవరు, పోయింది ఎక్కడికి అని తనే ముందుకు నడుస్తుంది.

ఇది కేవలం పాతకాలపు ముచ్చట కాదు. 2022 అక్టోబరులో వచ్చిన జాతీయ పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం, మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల ఎదుగుదలను వివరించడానికి ఇదే ఉపనిషత్తు అన్నం నుంచి ఆనందం దాకా చెప్పిన ఐదు పొరలను, అంటే పంచకోశాలను, ఆధారం చేసుకుంది. అన్నమయ కోశానికి పోషణ, వ్యాయామం, మనోమయానికి భావోద్వేగాలు, విజ్ఞానమయానికి ఆలోచన. కోశాల పేర్లు తీసుకున్నప్పుడు వరుణుడి ఓపికనూ తీసుకోవాలి. చెప్పేసే తొందర ఉన్నచోట విజ్ఞానమయ కోశం ఎదగదు.

లక్కూరు ప్రాంతంలో ఇందుకు మరో బలం ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ వినే పిల్లలు ఈ జిల్లాలో చాలామంది. రెండు భాషల్లో ఆలోచించడం ఈ నేలకు కొత్త కాదు. కైవారం తాతయ్యగా జనం కొలిచే నారేయణ యోగి తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పాడు. ఇదే మాలూరు తాలూకాకు చెందిన మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఇంటి భాష తమిళం. కన్నడంలో రాసి జ్ఞానపీఠం అందుకున్నాడు. బొమ్మకు భాష అడ్డం కాదు. మాటల్లేని బొమ్మల పుస్తకాన్ని అవ్వ తెలుగులో చెబితే, టీచరు కన్నడంలో చెప్పవచ్చు. బెంగళూరు సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు, కన్నడ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. పొరుగునే ఉన్న మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీలో పల్లెబడుల కోసం రూపొందిన బొమ్మల కార్డుల పద్ధతే, 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు చూసివెళ్ళాక, కర్ణాటకలో 'నలి కలి'గా మారింది. పల్లె నుంచి పుట్టిన చదువు రాష్ట్రమంతా పాకిన ఉదాహరణ ఇంత దగ్గరలోనే ఉంది.

ఒక ఆక్షేపణను తేలిగ్గా తీసుకోకూడదు. పురుగు చస్తుందని తెలిస్తే పిల్ల మనసు గాయపడదా? అమ్మానాన్నలు హంతకులనుకోదా? అందుకే ఈ సంభాషణ టీచరు ఒక్కరితో జరగకూడదు. పురుగుకు వేళకు మేత వేసి, జ్వరంలో కదపకుండా కాపాడి, రాత్రులు లేచి చూసుకునే తల్లిని అంగన్‌వాడీకి పిలవాలి. ఆమె నాలుగు పురుగులనూ కొంచెం ఆకునూ తెచ్చి, తన పని తానే చెప్పాలి. కొన్ని గూళ్ళను అమ్మకుండా డబ్బాలో ఉంచితే, రెక్కల పురుగు బయటికి రావడం పిల్లలే చూస్తారు. మిగతావి దారమై తమ పలకా పుస్తకాలకు డబ్బు తెచ్చాయనీ వింటారు. ఆ రెండూ నిజాలే. ఏది సరి అన్న తీర్పు నాలుగేళ్ళ వయసులో అవసరం లేదు. రెండు నిజాలూ ఒకేసారి చూసే ధైర్యం ఆ వయసుకు ఉంటుంది.

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం నుంచి నేటిదాకా అంగన్‌వాడీ టీచరు మీద పనులు పెరుగుతూనే వచ్చాయి. తూకాలు, టీకాలు, పౌష్టికాహారం, రిజిస్టర్లు, ఇప్పుడు ఫోనులో పోషణ్ ట్రాకర్. వీటి మధ్య ఒక పుస్తకాన్ని నెమ్మదిగా చూపించడానికి రోజుకు అరగంట ఆమెకు మిగల్చడం పైఅధికారుల బాధ్యత. తనిఖీకి వచ్చినప్పుడు గోడకు అంటించిన కాగితపు రెక్కలతో పాటు, పిల్లలు ఆ నెలలో అడిగిన ప్రశ్నలు రాసిన చిన్న నోటుబుక్కును కూడా అడిగి చూడాలి. ఏడాది చివర ఆ నోటుబుక్కు ఒకటో తరగతి టీచరు చేతికి వెళితే, పిల్ల బడి మారినా ఆమె ప్రశ్న మధ్యలో తెగదు.