కోడ్ వదిలేయడం త్యాగమేనా?

చుక్కల లెక్క, గీత తిరిగే నియమం చెబితే కంప్యూటర్ ముగ్గులు అల్లగలదు. మద్రాసులో పరిశోధకుడు గిఫ్ట్ సిరోమణి బృందం 1974లోనే ముగ్గులకు వ్యాకరణం కట్టింది. హైటెక్ సిటీలో ఒక ప్రోగ్రామర్ అలాంటి సొంత సాఫ్ట్‌వేర్‌ను అందరికీ పంచి మరో పనికి మళ్లితే, అది త్యాగమా, పలాయనమా?

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ప్రకారం మోహంతో కర్తవ్యం మానడం తామసం, శ్రమకు జడిసి మానడం రాజసం, పని చేస్తూనే ఆసక్తినీ ఫలాన్నీ విడవడం సాత్వికం. ఈ లెక్కన పంచడమొక్కటే చాలదు. నడిపే తీరు రాసే శ్రమకు జడిసి పడేసిన కోడ్ రాజసమే. ఇక ఫలం మాటకొస్తే, కోడ్ పంచేవారు తరచూ జోడించే ఎంఐటీ లైసెన్స్ దాన్ని మార్చుకునే, అమ్ముకునే హక్కూ ఇస్తుంది, పూచీ మాత్రం పడదు. అయితే కాపీరైట్ ప్రకటన తీసేయకూడదంటుంది. అంటే పేరనే ఫలం కొంత చేతిలోనే ఉంటుంది. అదీ అక్కర్లేదనుకునేవారికి హక్కులన్నీ వదులుకునే పత్రం, 2009లో వచ్చిన సీసీ0 ఉంది.